క్రూయిజ్‌లో మీ రూమ్ అకౌంట్ మీద మీరు పెట్టని ఖర్చు పడకుండా: కార్డు సిద్ధం చేసుకోవడం నుంచి ఇల్లు చేరాక బ్యాంకు దాకా

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి క్రూయిజ్‌కి రెండు దారుల్లో వెళ్తున్నారు. కొందరు చెన్నై హార్బర్‌లో ఎక్కి మూడు, నాలుగు రాత్రులు తిరిగొస్తారు. ఇంకొందరు చెన్నై నుంచి విమానంలో సింగపూర్ వెళ్ళి అక్కడ షిప్పు ఎక్కుతారు. సిమెంటు, పురుగు మందుల డీలర్లను కంపెనీలు తీసుకెళ్ళేది ఎక్కువగా ఈ రెండో దారిలోనే. తిరిగొచ్చాక మాత్రం అందరూ అడిగేది ఒకటే: "మేం తాగనిదానికి, కొననిదానికి బిల్లు ఎలా పడింది? పడకుండా ముందే ఏం చేసుండాల్సింది?"

ఇక్కడున్నదంతా ఆ రెండో ప్రశ్నకు జవాబే. ఏ పని ఎప్పుడు చేయాలో ఆ వరుసలోనే రాశాం. కౌంటర్‌లో చేయాల్సిన పని ఇంటికొచ్చాక చేయబోతే పది రెట్లు కష్టమవుతుంది కాబట్టి వరుస మార్చకండి.

1. ముందుగా, డబ్బు ఎలా కదులుతుందో తెలుసుకోండి

షిప్పు లోపల నోట్లు నడవవు. చెక్-ఇన్‌లో మీ క్రెడిట్ లేదా డెబిట్ కార్డు వివరాలు తీసుకుని, మీ పేరున ఒక అకౌంట్ తెరుస్తారు. గది తలుపు తెరిచే కార్డే ఆ అకౌంట్‌కు తాళం కూడా. కొన్ని షిప్పుల్లో కార్డు బదులు చేతికి బ్యాండో, మెడలో బిళ్ళో ఇస్తారు. బార్‌లో, షాపులో, స్పాలో దాన్ని చూపిస్తే చాలు, ఖర్చు అకౌంట్‌లో పడిపోతుంది. ఓటీపీ రాదు, పిన్ అడగరు.

చెక్-ఇన్ అయిన రోజే మీ బ్యాంకు కార్డు మీద కొంత మొత్తాన్ని హోల్డ్ చేస్తారు. తిరుమలలో గది తీసుకునేటప్పుడు కాషన్ డిపాజిట్ కట్టడం, ఖాళీ చేసిన కొన్ని రోజులకు అది తిరిగి రావడం మనకు అలవాటే. హోల్డ్ కూడా అలాంటిదే. అయితే క్రెడిట్ కార్డులో లిమిట్ మాత్రమే తగ్గుతుంది. డెబిట్ కార్డులో మీ సొంత డబ్బే చిక్కుకుపోతుంది, విడుదల కావడానికి రోజులు పడుతుంది. ఖర్చు పెరిగేకొద్దీ మధ్యలో కొత్త హోల్డ్‌లు కూడా పడతాయి. ఫోన్‌లో ఆ మెసేజ్ చూసి మోసం జరిగిందని కార్డు బ్లాక్ చేసేవాళ్ళున్నారు. అప్పుడు చివరి బిల్లు చెల్లక కొత్త చిక్కు మొదలవుతుంది.

"నాది కాదు" అనిపించే ఖర్చు సాధారణంగా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది:

- దానంతటదే పడేది: రోజువారీ టిప్పు, సర్వీస్ చార్జి, కొన్నిచోట్ల రూమ్ సర్వీస్ రుసుము
- మీవాళ్ళే తెలియక పెట్టింది: పిల్లల వీడియో గేమ్‌లు, గదిలోని నీళ్ళ సీసా, టీవీలో కొన్న సినిమా
- సిబ్బంది పొరపాటు: ఒకే ఆర్డరు రెండుసార్లు కొట్టడం, పక్క గది ఖర్చు మీకు వేయడం
- నిజంగా పరాయివాళ్ళు వాడింది: పోయిన కార్డు, స్లాట్ మెషిన్‌లో మరిచిపోయిన కార్డు

మొదటి మూడింటినీ ముందు జాగ్రత్తతో దాదాపు పూర్తిగా ఆపొచ్చు. అనుమానాలన్నీ నాలుగోదాని మీదికే పోతాయి గానీ, బిల్లు పెంచేది ఎక్కువగా ఆ మూడే.

2. బయల్దేరే వారం ముందు: కార్డు సిద్ధం చేయడం

క్రెడిట్ కార్డే ఇవ్వండి, డెబిట్ కార్డు వద్దు. జీతం పడే అకౌంట్ కార్డు అసలే వద్దు. ఇంట్లో రెండు క్రెడిట్ కార్డులుంటే తక్కువ లిమిట్ ఉన్నదాన్ని షిప్పుకు కేటాయించి, రెండోదాన్ని ఊళ్ళలో ఖర్చుకు ఉంచుకోండి. రెండూ కలిపితే ఏ ఖర్చు ఎక్కడిదో తేల్చడం కష్టం.

ఆర్‌బీఐ ఆదేశాలతో 2020 నుంచి కొత్తగా వచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి, మీరే పరిమితి పెట్టాలి. ఈ సౌకర్యాన్ని సద్వినియోగం చేసుకోండి:

- విదేశీ స్వైపింగ్, విదేశీ ఆన్‌లైన్ రెండూ తెరవండి. చివరి బిల్లును కార్డు లేకుండానే వసూలు చేసే సంస్థలుంటాయి.
- విదేశీ ఏటీఎం మూసేయండి.
- రోజువారీ పరిమితి పెట్టండి. షిప్పులో రూ.60,000 దాకా ఖర్చవుతుందని అనుకుంటే, హోల్డ్ కూడా కలుపుకుని రూ.90,000 దగ్గర ఉంచండి. మరీ బిగిస్తే అసలు బిల్లే చెల్లదు.
- అలర్ట్ ఎస్ఎంఎస్‌తో పాటు ఈమెయిల్‌కూ వచ్చేలా పెట్టుకోండి. నడిసముద్రంలో మన సిమ్‌కు ఎస్ఎంఎస్ అందదు, వైఫైలో ఈమెయిల్ అందుతుంది.
- కార్డు వెనకాల ఉన్న బ్యాంకు విదేశీ నంబరును కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

చెన్నై నుంచి నడిచే దేశీయ షిప్పులో లెక్క రూపాయల్లోనే ఉన్నా, పరిమితి, అలర్ట్‌ల పని మాత్రం మానొద్దు.

బుకింగ్ చేసిన ట్రావెల్స్ వాళ్ళకు మీ కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపొద్దు. "ఆన్‌లైన్ చెక్-ఇన్ మేమే చేసి పెడతాం సార్" అంటే, కార్డు వివరాల పేజీ దాకా వాళ్ళను చేయనిచ్చి, ఆ ఒక్క పేజీ మీరే నింపండి. కుదరకపోతే ఖాళీగా వదిలేసి హార్బర్ కౌంటర్‌లో ఇవ్వండి. వాళ్ళ కార్డు పెట్టి "తర్వాత సర్దుకుందాం" అంటే ఒప్పుకోవద్దు. వివాదం వస్తే మాట్లాడే హక్కు కార్డు యజమానికే ఉంటుంది.

బుకింగ్ కాగితాల్లో మూడు విషయాలు వెతికి చూసుకోండి: టిప్పు ముందే కట్టారా, డ్రింక్ ప్యాకేజీలో ఏవేవి వస్తాయి, వైఫై ఎన్ని ఫోన్లకు. ముందే కట్టినదానికి మళ్ళీ షిప్పులో పడితే ఈ కాగితమే సాక్ష్యం. ప్రింట్ తీసుకెళ్ళండి.

3. చెక్-ఇన్ కౌంటర్: అసలు పని ఇక్కడే

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి హార్బర్ చేరేసరికి అందరికీ ఆత్రం, వరుస పొడుగు. ఆ తొందరలో "ఒకే కార్డు, నాలుగు గదులకూ" అనేస్తారు. ఇంటిపెద్ద కార్డు మీద పదిమంది ఖర్చు మొదలయ్యేది ఆ ఒక్క మాటతోనే.

గది గదికి విడిగా తేల్చండి. ఒక్కొక్కరికి ఈ మూడింటిలో ఒకటి అడగండి:

- పూర్తి అనుమతి: తన ఖర్చు తనే చూసుకోగల పెద్దవాళ్ళకు
- పరిమితితో అనుమతి: కాలేజీ పిల్లలకు, ఆ సంస్థలో ఆ వీలుంటే
- అసలు అనుమతి లేకుండా: చిన్నపిల్లలకు, అమ్మమ్మ తాతయ్యలకు. వాళ్ళ కార్డు తలుపు తెరుస్తుంది, భోజనానికి పనికొస్తుంది, ఖర్చు మాత్రం పడదు.

ఇంగ్లీషులో చెప్పడం ఇబ్బందైతే కార్డు చూపించి ఇంత అంటే చాలు: "నో చార్జింగ్ ఫర్ దిస్ కార్డ్, ప్లీజ్." పెట్టారో లేదో స్క్రీన్ మీద చూపించమనండి.

బ్యాంకు కార్డు ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళకు చాలా షిప్పుల్లో ఇంకో దారి ఉంది. నగదు డిపాజిట్ చేసి అకౌంట్ తెరవొచ్చు. డబ్బు అయిపోతే ఖర్చు ఆగిపోతుంది, మిగిలింది చివరి రోజు వెనక్కి ఇస్తారు. పెద్దవాళ్ళు విడిగా వెళ్తుంటే దీనికి మించిన పద్ధతి లేదు. దిగేరోజు మిగులు తీసుకోవడం మాత్రం మరవకూడదు.

అక్కడే ఫోటో తీస్తారు. కార్డు గీకినప్పుడు సిబ్బంది తెరమీద కనిపించేది ఆ ఫోటోనే. టోపీ, నల్లద్దాలు, మాస్క్ తీసి నిలబడండి. పిల్లలకు కూడా స్పష్టంగా తీయించండి. మీ కార్డు ఇంకొకరు వాడబోతే పట్టుకునేది ఆ ఫోటోతోనే.

చివరగా, కార్డులు చేతికొచ్చాక ఒక్కొక్కదాని మీద పేరు చదవండి. ఒకే ఇంటిపేరుతో ఆరుగురుంటే అన్నదమ్ముల కార్డులు తారుమారవడం మామూలే. ఒక్కో కార్డుకూ మూల మీద వేరే రంగు స్టిక్కర్ అంటించండి.

4. గదిలో మొదటి గంట

సామాను విప్పకముందే చేయండి.

మినీ ఫ్రిజ్ తెరిచి లోపలున్నవన్నీ ఫోటో తీయండి. ఆ తర్వాత గది చూసే స్టీవర్డ్‌ను పిలిచి అన్నీ తీసేయమనండి, లేదా తాళం వేయమనండి. రోజూ జరిగే పనే, ఏమీ అనుకోరు.

బల్ల మీద మెడకు అట్టముక్క తగిలించిన నీళ్ళ సీసాలుంటే వాటి సంగతి ప్రత్యేకం. ఆ అట్ట మీదే ధర ఉంటుంది. మన పెద్దవాళ్ళు రాత్రి మాత్ర వేసుకోవడానికి మూత తీసేది వాటినే. ఉచితం అనుకుంటారు, అనుకోవడంలో తప్పేమీ లేదు. అవీ తీసేయించండి. భోజనాల హాల్లో నీళ్ళు ఉచితం, ఇంటి నుంచి తెచ్చిన ఖాళీ స్టీలు సీసా అక్కడ నింపుకోండి.

టీవీ రిమోట్‌తో సినిమాలు కొనే వీలు చాలా షిప్పుల్లో ఉంటుంది. గెస్ట్ సర్వీసెస్‌కు, అంటే షిప్పులో ప్రయాణికుల పనులు చూసే కౌంటర్‌కు, ఫోన్ చేసి గది టీవీలో కొనుగోళ్ళు ఆపమనండి.

ఫోన్‌లు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రమే తెరవండి. ఇది షిప్పు అకౌంట్‌కు సంబంధించింది కాదు, అయినా చెప్పక తప్పదు. షిప్పు సొంత సెల్ నెట్‌వర్క్‌కు ఫోన్ తగులుకుంటే బిల్లు మన సిమ్ మీద పడుతుంది, మామూలు విదేశీ రోమింగ్ ప్యాక్‌లు చాలావాటికి అది వర్తించదు.

సూట్‌కేసు ట్యాగ్‌ల మీద గది నంబరు ఉంటుంది. చింపి చెత్తబుట్టలో వేయండి. కార్డు పట్టుకున్న సెల్ఫీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. బార్‌కోడ్ కనిపిస్తుంది.

5. బిల్లు చీటీ మీద సంతకం చేసే ముందు

ఎక్కువ డబ్బు జారిపోయేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

జ్యూస్ తాగారు, చీటీ వచ్చింది. మొదటి వరుసలో ధర 10.00 డాలర్లు. రెండో వరుసలో సర్వీస్ చార్జి 18 శాతం, 1.80. మొత్తం 11.80. దాని కింద ఖాళీ గీత ఒకటి ఉంటుంది, "అదనపు టిప్పు" అని. మొదటిసారి చూసేవాళ్ళు అక్కడ ఏదో ఒకటి రాయాలేమో అనుకుని 2 వేస్తారు. టిప్పు పైనే కలిసిపోయింది, కింద రాసేది మీ ఇష్టం. రాయదలచుకోకపోతే ఖాళీగా వదలకండి. ఆ గీత మీద అడ్డంగా ఒక గీత గీసి, మొత్తం దగ్గర 11.80 మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఖాళీ వదిలిన గడిలో తర్వాత ఎవరైనా అంకె వేస్తే, ఆ చీటీ మీద ఉండేది మీ సంతకమే.

సంతకానికి ముందు చూడాల్సినవి:

- పేరు మీదేనా, గది నంబరు మీదేనా
- ఎన్ని వస్తువులు, ఒక్కోదాని ధర
- ప్యాకేజీలో ఉన్నది సున్నాగా వచ్చిందా. ప్యాకేజీ పరిమితి దాటిన పానీయమైతే తేడా పడుతుంది.
- మీ కాపీ చేతికి వచ్చిందా

కాపీలన్నీ ఒక కవర్లో వేయండి. చీటీ లేకుండా తెరమీద సంతకం చేయించే షిప్పుల్లో, ఏం తీసుకున్నారో, టైమెంతో ఫోన్‌లో నోట్ రాసుకోండి. పది సెకన్ల పని.

కార్డు మీ కంటి ముందే గీకించండి. "గది నంబరు చెప్పండి చాలు" అంటే నలుగురిలో గట్టిగా చెప్పకండి, కార్డు చూపించండి.

స్పాలో మసాజ్ అయ్యాక నూనెలు, క్రీములు రాసిన కాగితం ఇస్తారు. సలహా కాగితం, కొనుగోలు కాగితం ఒకేలా ఉండొచ్చు. సంతకం గడి ఉంటే అది కొనుగోలే అనుకుని చదవండి. ఫోటోల దగ్గర తీయించుకోవడం ఉచితం, ప్రింటుకే డబ్బు. కియోస్క్ (తెర మీద మనమే నొక్కి కొనే మెషిన్) దగ్గర పిల్లలు కార్డు ఆనించి "ఓకే" నొక్కితే కొన్నట్టే.

స్లాట్ మెషిన్లలో రూమ్ కార్డు పెట్టి అకౌంట్ నుంచి నేరుగా డబ్బు లాగే వీలుంటుంది. కొన్ని షిప్పుల్లో దానికి రుసుము కూడా ఉంది. ఆడే ఉద్దేశం లేకపోతే కాసినో అనుమతిని పూర్తిగా తీసేయించండి. ఆడేవాళ్ళు రోజుకింత అని పరిమితి పెట్టించుకుని, లేచేటప్పుడు మెషిన్‌లో కార్డు ఉందేమో చూసుకోవాలి.

6. పిల్లలు, పెద్దవాళ్ళు

వీడియో గేమ్‌ల గదిలో ఒక్కో ఆటకు ఒక్కోసారి కార్డు తాకించాలి. పిల్లవాడికి అది ఆటలో భాగంలాగే కనిపిస్తుంది. గంటలో ఇరవైసార్లు తాకిస్తాడు. చెక్-ఇన్‌లో అనుమతి తీసేయించి ఉంటే మెషిన్ ఒప్పుకోదు. తీసేయించడం మరిచిపోయారా, మొదటిరోజే గెస్ట్ సర్వీసెస్‌కు వెళ్ళి తీసేయించండి. చేతి బ్యాండ్ ఇచ్చే షిప్పుల్లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే బ్యాండ్ ఎప్పుడూ చేతికే ఉంటుంది.

అమ్మ, అత్తయ్య లాంటివాళ్ళకు తెలుగులో చిన్న చీటీ రాసివ్వండి. నాలుగు వాక్యాలు చాలు: హాల్లో పెట్టే టిఫిన్, భోజనం, టీ ఉచితం. గదిలోని సీసాలు ముట్టొద్దు. ఎవరైనా కాగితం మీద సంతకం అడిగితే పెట్టకుండా మా గది చూపించు. కార్డు మెడలోనే ఉంచుకో.

మెడలో వేసుకునే తాడు కోసం గెస్ట్ సర్వీసెస్‌లో అడిగితే కార్డుకు చిల్లు వేసిస్తారు. మీరే కత్తెరతో పొడిస్తే చిప్ పాడవుతుంది. తాడు తిరుపతిలోనే పది, ఇరవై రూపాయలకు కొనుక్కెళ్ళండి, షిప్పు షాపులో అది కూడా అకౌంట్ మీదే.

7. డీలర్ల టూర్: ఒకే గదిలో పరిచయం లేని ఇద్దరు

కంపెనీ గది ఇస్తుంది, పక్క మంచం మీద మదనపల్లె డీలరో, పలమనేరు డీలరో ఉంటాడు. గదికి ఒకే అకౌంట్ తెరిచి, మొదట చెక్-ఇన్ అయినవాళ్ళ కార్డుకు కలిపేసే ప్రమాదం ఉంది.

ఇద్దరికీ విడివిడి అకౌంట్ కావాలని కౌంటర్‌లో గట్టిగా చెప్పండి. మినీ ఫ్రిజ్ ఎవరి ఖాతాలో పడుతుందో అడగండి. సాధారణంగా గది మీద పడుతుంది కాబట్టి ఫ్రిజ్ ఖాళీ చేయించడమే మేలు. రూమ్ సర్వీస్ ఆర్డరు చేసిన మనిషే సంతకం పెట్టాలని ముందే అనుకోండి. మొహమాటపడితే చివరి రోజు ఇద్దరికీ ఇబ్బంది.

కంపెనీ ఏది భరిస్తుందో, ఏది భరించదో నిర్వాహకుల నుంచి మెసేజ్ రూపంలో తీసుకోండి. "అన్నీ కంపెనీవే" అనే మాటలో బార్, స్పా, కాసినో ఉండకపోవచ్చు.

8. రోజూ రాత్రి రెండు నిమిషాలు: బిల్లు చదవడం

షిప్పు యాప్‌లోనో, గది టీవీలోనో, కౌంటర్ పక్కనున్న కియోస్క్‌లోనో ఆనాటి లెక్క కనిపిస్తుంది. లేకపోతే కౌంటర్‌లో ప్రింట్ అడగండి. నలుగురి కుటుంబానికి ఒక రాత్రి బిల్లు ఇలా ఉందనుకుందాం:

- రాత్రి 9:42, పూల్ బార్, 2 మాక్‌టెయిల్, 16.00
- రాత్రి 9:42, సర్వీస్ చార్జి, 2.88
- రాత్రి 9:44, పూల్ బార్, 2 మాక్‌టెయిల్, 16.00
- రాత్రి 9:44, సర్వీస్ చార్జి, 2.88
- రాత్రి 11:59, టిప్పు, 4 మందికి 18 చొప్పున, 72.00

మూడో వరుస చూడండి. అదే బార్, అవే రెండు గ్లాసులు, రెండు నిమిషాల తేడా. మెషిన్ తడబడితే వెయిటర్ మళ్ళీ కొట్టాడన్నమాట. వాపసు అడిగేటప్పుడు 16.00 ఒక్కటే కాదు, నాలుగో వరుసలోని 2.88 కూడా అడగాలి. మొత్తం 18.88. గ్లాసుల డబ్బు తీసేసి సర్వీస్ చార్జి అలాగే వదిలేయడం చాలా తరచుగా కనిపించే పొరపాటు.

చివరి వరుస మోసం కాదు. టిప్పు ముందే కట్టకపోతే రోజూ మనిషికింత పడుతుంది. నలుగురికి నాలుగు రాత్రులంటే, పై లెక్క ప్రకారం 288 డాలర్లు. దీన్ని తగ్గించే వీలు చాలా సంస్థల్లో ఉంటుంది గానీ దిగేలోపే కౌంటర్‌లో అడగాలి. ముందే కట్టి ఉంటే మాత్రం ఇది రెండోసారి వసూలే, ఇంటి నుంచి తెచ్చిన ప్రింట్ తీయండి.

ఇంకా వెతకాల్సినవి: రద్దు చేసుకున్న ప్రత్యేక రెస్టారెంట్ బుకింగ్‌కు రుసుము, షిప్పే రద్దు చేసిన ఊరి టూర్ డబ్బు వెనక్కి వచ్చిందా, మీరు ఒడ్డుకు దిగిన గంటల్లో బార్ ఖర్చు ఏమైనా ఉందా. ఆ చివరిది కనిపిస్తే వాదనే అక్కర్లేదు. మీరు దిగిన టైము, ఎక్కిన టైము గేటు దగ్గర కార్డు గీకినప్పుడే నమోదవుతాయి.

9. కార్డు పోతే

వెతకడానికి అరగంట పెట్టకండి. దగ్గర్లో ఉన్న ఫోన్ నుంచి గెస్ట్ సర్వీసెస్‌కు చెప్పి ముందు పాతది ఆపించండి. కొత్తది నిమిషాల్లో ఇస్తారు, పాత కార్డు మళ్ళీ దొరికినా పనిచేయదు.

- ఆపమని చెప్పిన టైము రాసుకోండి
- చివరిసారి మీరే వాడిన చోటు, టైము చెప్పండి
- ఆ తర్వాత పడిన ఖర్చుల జాబితా అప్పటికప్పుడే అడగండి
- ఒడ్డున పోతే గేటు దగ్గర సెక్యూరిటీకి పాస్‌పోర్టు చూపించి చెప్పండి

తిరుమలలో సెల్‌ఫోన్ డిపాజిట్ చేసి ఇచ్చిన టోకెన్‌ను ఎంత భద్రంగా దాస్తామో, ఈ కార్డునూ అలాగే చూసుకోవాలి. ఈత కొట్టేటప్పుడు కుర్చీ మీద టవల్ కింద పెట్టి పోవద్దు.

10. తప్పు కనిపించింది: కౌంటర్‌లో ఏం చేయాలి

వెంటనే వెళ్ళండి. తెల్లవారుజామున, అందరూ ఒడ్డుకు దిగిన సమయంలో కౌంటర్ ఖాళీగా ఉంటుంది.

మొదట ఆ వరుస మీద పెన్నుతో గుండ్రం చుట్టిన ప్రింట్ ఇవ్వండి. తర్వాత అడగండి: "ప్లీజ్ షో మీ ది సైన్డ్ స్లిప్." సంతకం చేసిన చీటీ లేదా ఆ లావాదేవీ రికార్డు వాళ్ళ దగ్గర ఉంటుంది. సంతకం మీది కాకపోతే మాట అక్కడితో తేలిపోతుంది. మీ ఇంట్లోవాళ్ళదే అయితే అది కూడా అక్కడే తేలుతుంది, అందుకే ముందు గొంతు పెంచకండి.

"చూస్తాం, సరిచేస్తాం" అన్న మాటతో వెనక్కి రావద్దు. ఎవరితో మాట్లాడారో ఆ పేరు, టైము రాసుకోండి. మర్నాటి బిల్లులో మైనస్ గుర్తుతో ఆ మొత్తం వచ్చిందా చూడండి. రాకపోతే మళ్ళీ వెళ్ళి సూపర్‌వైజర్‌ను అడగండి.

షిప్పులో ఉండగానే తేల్చుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. బిల్లు మీ కార్డు మీద పడ్డాక వాపసు వస్తే అది వచ్చిన రోజు డాలర్ రేటుకు లెక్కిస్తారు. విదేశీ మారక రుసుము, దాని మీద జీఎస్టీ చాలా కార్డుల్లో వెనక్కి రావు. అకౌంట్‌లోనే తీసేయిస్తే ఆ నష్టమే ఉండదు.

11. దిగే ముందు రెండు రాత్రులు

చివరి రాత్రి కౌంటర్ దగ్గర వరుస మెట్ల దాకా వస్తుంది. మీ పని అంతకు ముందు రాత్రే ముగించండి. పూర్తి బిల్లు ప్రింట్ తీసుకుని, కవర్లోని చీటీలతో ఒక్కొక్కటీ సరిచూసి టిక్ పెట్టండి.

చివరి రోజు:

- ఉదయం మరోసారి బిల్లు చూసి, ముందు రాత్రి తర్వాత కొత్తగా ఏం పడిందో గమనించండి
- ఫ్రిజ్, బల్ల, సీల్ తీయని సీసాలు కనిపించేలా గది ఫోటో తీయండి. మినీబార్ లెక్క మీరు దిగాక వేస్తారు.
- వైఫై నుంచి అన్ని ఫోన్‌లలో లాగౌట్ అవ్వండి, యాప్‌లో సేవ్ చేసిన కార్డు తీసేయండి
- బిల్లు రూపాయల్లో మార్చి వేయమంటారా అని అడిగితే, డాలర్లలోనే ఉంచమనండి. వాళ్ళ మార్పిడి రేటు సాధారణంగా మీ బ్యాంకు రేటుకన్నా ఎక్కువ పడుతుంది.
- నగదు డిపాజిట్ మిగులు తీసుకోండి
- రూమ్ కార్డులు ఇంటికి తెచ్చి కత్తిరించండి

12. ఇంటికి చేరాక

చివరి మొత్తం కార్డు మీద ఒకటి రెండు రోజుల్లో పడుతుంది. అది పడేదాకా విదేశీ లావాదేవీలు మూయకండి. పడ్డ మొత్తం ప్రింట్‌లోని మొత్తంతో సరిపోయాక మూసేయండి. స్టేట్‌మెంట్‌లో షిప్పు పేరు కాకుండా మాతృసంస్థ పేరో, వేరే దేశపు ఊరి పేరో రావచ్చు. పేరు కాదు, మొత్తం చూడండి. పాత హోల్డ్‌లు ఇంకా కనిపిస్తే కంగారు వద్దు, కొన్ని రోజుల్లో వాటంతటవే పోతాయి. నెల దాటినా పోకపోతే బ్యాంకుకు చెప్పండి.

తేడా వస్తే రెండు దారులు, రెండూ కలపకూడదు.

మీరు కార్డు ఇచ్చిన సంస్థే తప్పు మొత్తం వేసిందా? అది బిల్లింగ్ వివాదం. ముందు షిప్పు సంస్థకు ఈమెయిల్ రాయండి: బుకింగ్ నంబరు, గది, తేదీ, టైము, మొత్తం, కౌంటర్‌లో మాట్లాడిన మనిషి పేరు, ప్రింట్ ఫోటో. సరైన జవాబు రాకపోతే అదే ఈమెయిల్‌తో బ్యాంకులో డిస్ప్యూట్ ఫారం నింపండి. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా రకాల వివాదాలకు 120 రోజుల గడువుంది, కానీ బ్యాంకులు తమ గడువు అంతకన్నా తక్కువ పెట్టుకుంటాయి. మొదటి వారంలోనే ఇవ్వండి.

షిప్పుతో సంబంధమే లేని ఖర్చు, మీ కార్డు వివరాలు ఎవరో దొంగిలించి వాడిందా? అది అనధికార లావాదేవీ. వెంటనే కార్డు బ్లాక్ చేయండి. ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా మూడోవాళ్ళ వల్ల జరిగితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే పరిమితి మేరకు మీరూ భరించాలి. ఆ పరిమితి రూ.5 లక్షల లోపు లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డుకు రూ.10,000, అంతకు మించితే రూ.25,000. ఏడు దాటితే బ్యాంకు విధానం మీద ఆధారపడి ఉంటుంది. 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు కూడా నమోదు చేయించండి.

బిల్లింగ్ వివాదాన్ని "మోసం" అని రాస్తే బ్యాంకు కార్డు మూసేసి, మీ సంతకం ఉన్న చీటీ చూసి ఫిర్యాదు కొట్టేస్తుంది. ఫారంలో సరైన గడి ఎంచుకోవడం అంత ముఖ్యం.

తిరుపతిలో బ్రాంచికి వెళ్ళి నోటిమాటగా చెప్పి రావడం సరిపోదు. ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు. అక్కడ అడిగేది బ్యాంకుకు మీరిచ్చిన ఫిర్యాదు కాపీ, దాని తేదీ. షిప్పు బిల్లు, చీటీల కవరు, ఫ్రిజ్ ఫోటోలు కార్డు వివాదం పూర్తిగా ముగిసేదాకా దాచి ఉంచండి.